ఆవిరి పట్టిన నూనె

రంపపు పొట్టును గాలి తగలకుండా మాడ్చి నూనె తీసే మనిషి కనుక రిఫైనరీలో ఆమెకు పొట్టమ్మ అని పేరు పడిపోయింది. ఆ ఉదయం పొట్టమ్మ ఒళ్లు మండుతున్న తీరుకు వేరే పొయ్యి అక్కర్లేదు. నిన్న ఆమె తోలిన ట్యాంకరు నూనె తెల్లారేసరికి ఇక్కడి ట్యాంకులో తారుముద్దలా బిగుసుకుపోయింది. ముడిచమురులో దాన్ని కలిపి శుద్ధిచేసి చూద్దామన్న ప్రయోగం మూత తీయకముందే మూతపడేలా ఉంది. ఇది పోతే ఆమె కార్ఖానాకూ మూతే.

ట్యాంకులు చూసుకునే ఫోర్‌మన్ ఆమెకు సొంత చిన్నాన్న. పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ట్యాంకు గొట్టాల్లోకి ఆవిరి ఎవరు వదిలారు?"

"నేనేనమ్మా. మరీ చిక్కగా ఉంది, పంపు లాగదేమోనని కాస్త వెచ్చబెట్టాను. నీ నూనె కదా అని దగ్గరుండి చూసుకున్నాను."

"చలేస్తోందని మీతో చెప్పిందా? వేడి చేస్తే గడ్డకడుతుందని ట్యాంకరు మీద ఇంతింత అక్షరాలతో రాయించాను కదా చిన్నాన్నా."

"నా సర్వీసు మొత్తంలో వేడికి పలచబడని నూనె చూళ్లేదే."

"మీరు చూసింది భూమిలోది. ఇది చెట్టులోది. దీనిదీ నా బుద్ధే, వేడెక్కిందంటే ఇక కరగదు."

అంతలో మేనేజరు వచ్చి ట్యాంకులోకి తొంగిచూశాడు.

"ఏమయ్యా ఫోర్‌మన్, ఈ సరుకు మనకు పనికిరాదని రాసి పంపేద్దామా?"

పొట్టమ్మ చిన్నాన్న వైపు చూసింది. చిన్నప్పుడు తనను భుజాల మీద ఊరంతా తిప్పిన మనిషి ఇప్పుడు భుజాలు తడుముకుంటున్నాడు. పొట్టమ్మ పళ్లు పటపట కొరికింది. చెప్పేద్దామని నోరు తెరిచింది.

"సరుకులో తప్పు లేదు సార్," అన్నాడు చిన్నాన్న. "ఆవిరి నేనిచ్చాను. వద్దని రాసుంటే చదివి మరీ ఇచ్చాను."

మేనేజరు అతని వైపు తిరిగాడు. "అయితే ఈ ట్యాంకు నువ్వే గోకు. ఏమ్మా, ఇంకో ట్యాంకరు తోలించు. ఈసారి చల్లగానే కలుపుదాం," అని వెళ్లిపోయాడు.

చిన్నాన్న ఆవిరి వాల్వు చక్రం ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉంచు."

ఆమె దాన్ని సంచిలో పడేసుకుంది. మొహం మాత్రం చూడలేదు.

"మేనేజరు అడగ్గానే చెప్పుంటే నా నోరు ఇంత ఎండేది కాదు. సాయంత్రం పిన్నితో అన్నీ చెప్తాను."

"చెప్పు."

"నాకూ ఓ గడ్డపార ఇవ్వండి. మిమ్మల్ని కొట్టకుండా ఉండాలంటే దేన్నో ఒకదాన్ని కొట్టాలి."