పోశం కూర్చున్న రెండో రోజు

జంపఖానా మీది దుమ్ము దులిపి, పోశం మళ్ళీ నిన్నటి చోటనే కూర్చున్నాడు. బస్సులు నడవకపోయినా ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకునే వచ్చాడు.

సకల జనుల సమ్మె రోజులవి. కోరుట్ల డిపో ముందు టెంటు వేసి, ఆర్టీసీ కార్మికులు రోజుకొక జట్టుగా రిలే నిరాహార దీక్ష చేస్తున్నారు. ఇవాళ కూర్చోవలసిన భూమయ్య చందుర్తి నుంచి రావాలి. రావడానికి బస్సు లేదు. బస్సులు ఆపింది తామేనన్న సంగతి డ్రైవర్ జైపాల్‌కు పొద్దెక్కాక గానీ తట్టలేదు. తట్టాక అందరూ కడుపుబ్బ నవ్వారు.

"ఆటోలు గూడ బందేనట. సైకిల్ దొరికిచ్చుకొని అస్తున్నడట," అన్నాడు జైపాల్.

అందాకా వరుసలో ఖాళీ కనబడకూడదని పోశం కూర్చున్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. అతని జీవితంలో చాలా పనులు అలాగే జరిగాయి.

వయసులో ఉన్నప్పుడు కానిస్టేబుల్ పరీక్షకూ గ్రూపు పరీక్షలకూ చదివాడు. ఒక్కదాంట్లోనూ గట్టెక్కలేదు గానీ, చదివిన జనరల్ నాలెడ్జి మాత్రం అతన్ని వదల్లేదు. కండక్టరయ్యాక జగిత్యాల బస్సులో కాలేజీ పిల్లలకు టికెట్టుతో పాటు ఒక మాటా, దాని పుట్టుపూర్వోత్తరాలూ ఇచ్చేవాడు. బాయ్‌కాట్ అన్నది ఐర్లండు రైతులు వెలివేసిన ఒక పెత్తందారు పేరట. కర్ఫ్యూ అంటే పొయ్యి నిప్పు మీద మూత పెట్టమనడమట. అంతా కల్పితమేనని పిల్లలు వెనకాల నవ్వుకునేవారు. అదీ అతనికి తెలుసు.

మధ్యాహ్నం కూతురు కవిత టిఫిన్ డబ్బా పట్టుకొచ్చింది.

"బాపూ, షుగర్ గోలి ఏసుకున్నవా?"

"పొద్దుగాల్నే ఏసుకున్న." ఒక్క పూట కూడా మానొద్దన్న డాక్టరు మాటను పోశం ఏనాడూ జవదాటలేదు.

"గోలి ఏసుకొని తినకుంటె ఎట్ల? పానం మీదికి అస్తదని దవఖాన్ల నర్సమ్మ చెప్పలేదా?"

"నిన్న ఏం గాలే గద బిడ్డా."

"రెండు బుక్కలు తిను. ఎవ్వలు జూడరు."

"దీక్షల కూసుండి తింటరా? భూమన్న రాంగనే తింట. డబ్బ ఆడ వెట్టిపో."

కవితకు ఒళ్ళు మండింది. డబ్బా అక్కడ పెట్టి, మాపటికి వస్తానని వెళ్ళిపోయింది.

కాలేజీ పిల్లలు చుట్టూ చేరారు. "సార్, రిలే అంటె ఏంది?" అని ఒకడు కదిలించాడు.

పోశం ముఖం విచ్చుకుంది. "యెనకట వేటకు పోతె తోవ పొడుగూత కుక్కల్ని నిలవెడుదురు. ఉరికి అలిసినయాటిని ఆపి, ఆడున్నయాటిని ఇడుద్దురు. గదే రిలే."

"మరి కొత్తయి రాకుంటె?"

పోశం నుదుటి చెమట తుడుచుకున్నాడు. చేతులు సన్నగా వణుకుతున్నాయి. "అలిసినయే ఉరుకాలె," అన్నాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు.

ఆ తర్వాత టెంటు గుంజకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండు రోజులుగా కూర్చున్న మనిషి, కునుకు తీయనీలే అనుకున్నారు. మైకులో పాటలు సాగాయి, నినాదాలు సాగాయి. పక్కవాళ్ళు అతని మీదుగా మంచినీళ్ళ చెంబు అందుకున్నారు.

పొద్దు వాలాక, డిపో ఊడ్చే రాజక్క దీక్ష విరమింపజేయడానికి నిమ్మరసం తెచ్చి పోశం పెదవులకు ఆనించింది. రసం గడ్డం మీదుగా ఖాకీ చొక్కా మీదికి జారింది.

"పోశన్నా," అంది రాజక్క. జైపాల్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. పట్టుకున్న చెయ్యిని వదలలేక అలాగే ఉండిపోయాడు. మైకు ఎవరు ఆపారో తెలియదు. ఇంతమంది మధ్య ఆ మనిషి ఎప్పుడు పోయాడో కూడా ఒక్కరికీ తెలియదు.

అప్పుడే వచ్చిన కవిత ఏడవలేదు. మూత తీయని డబ్బాను చూసింది. ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ అడిగింది. "నిద్రవొయిండనుకున్నరా? నువ్వు గూడ గట్లనే అనుకున్నవా?"

రోడ్డు మీద సైకిల్ ఆపి, భూమయ్య రొప్పుతూ లోపలికి వచ్చాడు. "నేనేడ కూసోవాలె?" అన్నాడు.

జంపఖానా మీద రాజక్క దించిన గ్లాసు అలాగే ఉంది. దాని అడుగున చక్కెర ఇంకా కరగలేదు.