బాలకిష్టయ్య పకోడీలు

గద్వాలలో తమ వీధికి మొదటి టీవీ కొన్నాక బాలకిష్టయ్యకు ప్రతి ఆదివారమూ పండుగే అయింది. సాయంత్రం సినిమాకు తోటి నేతగాళ్లంతా ఆయన ఇంట్లోనే చేరేవారు. భార్య సుభద్రమ్మ మాత్రం వంటింట్లో వాళ్లకు పకోడీలు వేస్తూ ఒక్క సినిమా కూడా చూసి ఎరగదు.

ఒక ఆదివారం ఆమె నడుము నొప్పిగా ఉందన్నది.

"ఉల్లిగడ్డ కోసుడు, శెనగపిండి కలుపుడు, నూనెల వేసుడు. గింతదానికి పరేషాన్ ఏంది?" అన్నాడు బాలకిష్టయ్య అందరూ వినేలా.

"గంతే గదా, ఇయ్యాల జర మీరే చెయ్యుండ్రి" అంటూ ఆమె వచ్చి టీవీ ముందు చాప మీద కూర్చుంది.

నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోలేక ఆయన వంటింట్లోకి నడిచాడు. పిండిలో నీళ్లు తక్కువయ్యాయి, కారం ఎక్కువైంది. భయపడుతూనే పళ్లెం తెచ్చి పెట్టాడు. తీరా చూస్తే పకోడీలు కరకరలాడుతున్నాయి.

"అన్నా, వదిన గూడ గిట్ల చెయ్యదే!" అన్నాడు పక్కింటి వెంకటేశం.

సుభద్రమ్మకు కోపం రాలేదు. "నిజమే, నాకు గింత రుచి ఎన్నడు రాలే" అన్నది ఇంకొకటి తీసుకుంటూ.

బాలకిష్టయ్య ఉబ్బిపోయాడు. "వచ్చే ఆదివారం మిరపకాయ బజ్జీలు చేస్త, అందరు రాండ్రి" అని తానే పిలిచాడు.

ఆ వారం జనం రెట్టింపయ్యారు. పొయ్యి ముందు చెమటలు కక్కుతూ, "ఏమాయె? దొంగ దొరికిండా?" అని ఆయన గోడ అవతలికి కేకేశాడు.

"దొరికిండు గని, మీరు బజ్జీలు మాడకుండ చూసుకోండ్రి" అన్నది సుభద్రమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.