బొడ్లో తాళంచెవి

ఆస్పత్రిలో ఎముకల స్కాన్ తీసే కోడలు పొద్దున్నించి కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. బల్ల మీది దుప్పటి మూడుసార్లు సరిచేసింది. సరిచేసిందాన్నే మళ్లీ లాగింది. పదేళ్లలో ఎందరివో నడుములు చూసిన మనిషి. కానీ ఈరోజు రాబోయేది అత్తగారు.

రెండేళ్ల క్రితం ఇదే గదిలో ఆవిడ ఎముకల గట్టితనం కొలిచింది తనే. అంకె భేషుగ్గా వచ్చింది. "మీవి ఉక్కు ఎముకలు అత్తయ్యా" అంది. ఆ మాట ఇంట్లో అందరి నోళ్లలో పడి ఆవిడ ఉక్కమ్మ అయిపోయింది. డాక్టరు రాద్దామనుకున్న మందులు అక్కర్లేదన్నారు. ఉక్కమ్మ స్టూలెక్కి అటకలు సర్దింది, నిండు బకెట్లు మోసింది. పోయిన నెల మంచం దిగుతూ చెయ్యి ఆనిస్తే మణికట్టు పుటుక్కుమంది. ఉక్కు అలా విరుగుతుందా అని కోడలికి అప్పట్నించీ ఒకటే దిగులు.

కట్టు కట్టిన చేత్తో అత్తగారు వచ్చింది, బల్లెక్కి పడుకుంది.

"ఒంటి మీద ఏమైనా ఉన్నాయా అత్తయ్యా?"

"అన్నీ ఇంట్లోనే తీసేశాగా." బోసి మెడ చూపించింది.

మిషన్ చెయ్యి నడుం మీదుగా మెల్లగా కదిలింది. తెర మీద వెన్నుపూసలు ఒక్కొక్కటే తేలాయి. నాలుగోదాని మీద తెల్లగా తాళంచెవి, పళ్లతో సహా.

"అత్తయ్యా, బొడ్లో ఏముంది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ చెయ్యి నడుం మీదికి పోయింది. "అది ఒంటి మీద కాదు కదమ్మా, బొడ్లో ఉంది."

కోడలికి నవ్వొచ్చి, సగంలోనే ఆగిపోయింది. గబగబా పాత స్కాన్ తెరిచింది. అదే నాలుగో పూస మీద పలచటి తెల్లగీత. ఆనాడు తాళంచెవి అంచు మీద నిలబడినట్టుంది. ఇనుమును కూడా మిషన్ ఎముకలో కలిపి లెక్కేసింది. ఆరోజు బయట ఇరవైమంది వరసలో ఉన్నారు. తను అంకె చూసింది, బొమ్మ చూడలేదు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అంకె తగ్గితే వయసు మీదపడిందనుకుంటారు. కంప్యూటర్ దగ్గర్నించి బల్ల దగ్గరికి, బల్ల దగ్గర్నించి కంప్యూటర్ దగ్గరికి రెండుసార్లు తిరిగింది. తాళంచెవి తీయించి పళ్లెంలో పెట్టించి మళ్లీ స్కాన్ తీసింది.

అంకె సున్నాకి ఎంత కిందికి దిగితే ఎముక అంత గుల్ల. రెండున్నర దిగితేనే జబ్బు కింద లెక్క. అత్తగారిది మూడు దిగింది.

"నేనే తప్పు చేశాను అత్తయ్యా. అప్పుడూ ఇది బొడ్లోనే ఉంది. బొమ్మలో గీత పడింది, నేను చూసుకోలేదు. మీ ఎముకలు అప్పుడే గుల్లబారి ఉంటాయి. రెండేళ్లు మందులు లేకుండా పోయాయి, నా వల్ల. డాక్టరుగారికి నేనే చెబుతాను."

అత్తగారు పైకప్పు వైపు చూసింది.

"నువ్వు అప్పుడు ఒంటి మీద అని అడగలేదు. బొడ్లో ఏమైనా ఉందా అనే అడిగావు. నాకు బాగా గుర్తు."

"మరి లేదన్నారే."

"బీరువా తాళం ఎక్కడ పెడతానో నీకు తెలియకూడదని."

కోడలికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందో తేలక చెయ్యి అందించింది. ఏనాడూ ఎవరి ఆసరా పట్టని ఉక్కమ్మ ఆ మోచెయ్యి గట్టిగా పట్టుకుని బల్ల దిగింది. కోడలు పళ్లెంలోంచి తాళంచెవి తీసి ఇవ్వబోయింది.

"నీ దగ్గరే ఉంచు" అంది అత్తగారు. "బరువుగా ఉంటోంది."