అద్దం వైపు పెట్టిన బొట్టు

నేను ఒక చిన్న డిస్కుని. వీడియో కెమెరాలో పెట్టడానికి పుట్టినదాన్ని, అరచేతిలో ఇమిడిపోతాను. మనుషుల ఊపిరి కూడా తగలకూడదని ముక్కూ మూతీ కట్టుకున్నవాళ్ళు తిరిగే గదిలో నన్ను తయారుచేశారు. ఆ మర్యాద చూసి లోకమంతా అంత శుభ్రంగానే ఉంటుందనుకున్నాను. నా పెట్టె విప్పిన మొదటి చెయ్యి పకోడీలు తిన్న చెయ్యి. అప్పటినుంచి చేతులంటే నాకు అనుమానం.

ఆ చెయ్యి సన్యాసిరావుది. విజయనగరంలో బోటనీ పాఠాలు చెప్పిన చిదంబరం గారికి తోడల్లుడు. కెమెరా కొన్న కొత్తలో కంటికి కనబడిందల్లా తీసేవాడు. మేనల్లుడి అన్నప్రాశన చెరిపేసి దాని మీద క్రికెట్ మ్యాచ్ ఎక్కించాడని చుట్టాల్లో ఆయనకు గట్టి పేరు. నాకు మాత్రం అదృష్టం కలిసొచ్చింది. ఒక శ్రావణ శుక్రవారం చిదంబరం గారి భార్య వకుళ పాడిన మంగళహారతి నాలో ఎక్కించి, నన్ను ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. వకుళ తల్లి సొంతంగా కట్టి, కూతుళ్ళిద్దరికీ నోటితో నేర్పింది.

ఆ ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా, గ్రైండరైనా స్కూటరైనా, బొట్టు పెట్టాకే వాడతారు. వకుళ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. అద్దంలా మెరిసే వైపే నా ముఖమనుకుని, ఉంగరం వేలితో తడి కుంకుమ అద్దింది. యంత్రం చదివేది ఆ వైపే. చెప్పడానికి నాకు నోరేదీ? బీరువాలో పట్టుచీరల మధ్య పడుకున్నాను.

తర్వాత కొన్నేళ్ళకు వకుళ పోయింది, బీరువా తలుపు తీసే చెయ్యి మారింది. చిదంబరం గారు నన్ను తీసి, ఆ బొట్టు చూసి, మళ్ళీ పెట్టేసేవారు. నన్ను ఎందులోనూ పెట్టి చూడలేదు. ధైర్యం చాల్లేదేమోనని నా అనుమానం.

అలా ఉండగా శ్రీకాకుళం నుంచి వకుళ చెల్లెలు మృణాళిని ఫోన్ చేసింది. కూతురి శ్రీమంతానికి అమ్మ కట్టిన హారతే పాడాలని ఆవిడ కోరిక. మూడో చరణం ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. అక్క పాడింది కంప్యూటర్‌లోకి ఎక్కించి, మధ్యలో వచ్చే కుక్కరు కూతలు కత్తిరించి, పిల్లలకు నేర్పుతానంది. చిదంబరం గారు నన్ను చొక్కా జేబులో పెట్టుకుని, ఊళ్ళో పెళ్ళి వీడియోలు కూర్చే నూకరత్నం గారి ఎడిటింగ్ గదికి బయల్దేరారు.

కంప్యూటర్ నన్ను లోపలికి లాక్కుని, కాసేపు గిరగిరా తిప్పి, ఏమీ లేదని బయటికి తోసేసింది. నూకరత్నం నన్ను వెలుగులో పట్టుకుని, బొట్టు అడ్డమొస్తోందండీ, తుడిచి చూద్దామా అని అడిగింది. అంతే, ఆయన నన్ను ఆవిడ చేతిలోంచి లాక్కున్నంత పని చేశారు. ఇంత చిన్న బొట్టు అంత పాటను ఆపుతుందా అని ఆవిడ వైపు అనుమానంగా చూశారు. ఇంటికి చేరేసరికి ఆయన అనుమానం నూకరత్నాన్ని వదిలి సన్యాసిరావు మీద వాలింది. వాడే చెరిపేసుంటాడని మరదలికి ఫోన్లో చెప్పేశారు.

మర్నాడు మృణాళిని, ఆవిడ భర్త సన్యాసిరావు ఇద్దరూ శ్రీకాకుళం నుంచి నేరుగా ఎడిటింగ్ గదికే వచ్చారు. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"అన్నయ్యగారూ, నేను చెరిపానో లేదో తేలాలంటే ఆ బొట్టు తియ్యాలి. అది తియ్యనివ్వరు. నేను మాత్రం దొంగగానే ఉండాలి. ఇదేం న్యాయమండీ?"

"అన్నప్రాశన మీద క్రికెట్ ఎక్కించినవాడివి, న్యాయం నువ్వు మాట్లాడకు."

"అది ఫైనల్ మ్యాచ్ అన్నయ్యగారూ."

నూకరత్నం నవ్వు ఆపుకోవడానికి మానిటర్ వైపు తిరిగింది. చిదంబరం గారు నవ్వలేదు. నన్ను రెండు చేతులా పట్టుకుని మెల్లగా అన్నారు: "తుడిచాక లోపల పాట లేదనుకో. అప్పుడు నాకు రెండూ ఉండవు."

మృణాళిని దగ్గరికొచ్చి తలవంచి చూసింది. "బావా, బొట్టు సగం ఈ గాజులాంటి వలయం మీదే ఉంది కదా. ఇక్కడ కూడా రాత ఉంటుందా?" కన్నం చుట్టూ ఉండే ఆ వలయంలో ఏమీ ఉండదని, ఆ సగం అలాగే ఉంచొచ్చని నూకరత్నం చెప్పింది. ఆ మాట చాలింది ఆయనకి. కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ తడిపి, మధ్య నుంచి అంచుకి, ఒక్కో గీతగా, అవతలి సగమే తుడిచారు. నా జీవితంలో అనుమానం లేకుండా ఒళ్ళప్పగించిన చెయ్యి అదొక్కటే.

ఈసారి కంప్యూటర్ నన్ను గుర్తుపట్టింది. నాలోని ముక్కలన్నీ కాపీ చేసుకుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ ముక్కల్ని ముట్టనంది. దానికి నచ్చే రకంలోకి మారిస్తే వకుళ తెర మీదకి వచ్చింది, పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. చిదంబరం గారు మళ్ళీ తోడల్లుడి వైపు చూశారు. సన్యాసిరావు రెండు చేతులూ పైకెత్తేశాడు. మార్చేటప్పుడు శబ్దం రకం కూడా మార్చాలని నూకరత్నానికి అప్పుడు తట్టింది. మళ్ళీ మొదలుపెట్టింది.

పాట వచ్చింది. కుక్కరు కూతలతో సహా వచ్చింది. రెండు చరణాలయ్యాక వకుళ ఆగిపోయింది. హారతి పళ్ళెం పట్టుకుని, కెమెరా పక్కకి చూసి, "ఏమండీ, తర్వాతదేంటి?" అంది. తెర బయటినుంచి ఒక మగగొంతు మూడో చరణం ఎత్తుకుంది. శ్రుతి సరిగ్గా లేదు, మాట మాత్రం ఒక్కటీ తప్పలేదు. వకుళ నవ్వుతూ అందుకుంది.

మృణాళిని ఆయన వైపు తిరిగింది. "బావా, అది మీరే."

చిదంబరం గారికి ఆ రోజు బొత్తిగా గుర్తు లేదు. భార్య రోజూ కూనిరాగం తీస్తుంటే చెవిలో పడిన పాటే అయ్యుండాలి. మగగొంతు కత్తిరించమంటారా అని నూకరత్నం అడిగితే అక్కాచెల్లెళ్ళ తరఫున మృణాళినే వద్దంది. కుక్కరు కూతలు కూడా కత్తిరించొద్దన్నారు చిదంబరం గారు, అవి ఉండనిమ్మని.

తిరిగి వస్తూ ఆటోలో ఆయన మెల్లగా పాడుకున్నారు. మొదటి చరణం, రెండోది, మూడోది, నా లోపల లేని నాలుగోది కూడా. జేబులోంచి విన్నాను. నన్ను ఇన్నేళ్ళూ బీరువాలో దాచిన ఈ మనిషి తనలో ఇంకా ఏమేం దాచుకున్నాడోనని ఇప్పుడు నా అనుమానమంతా ఆయన మీదే.