నేను కుంకుమను కాను

నేను ఒక నలుసును. ఈ మాట చెప్పగానే మీరు నమ్మేస్తారని నేననుకోను. మీ వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా లేని దానికి ఆత్మకథ ఏమిటని ఈపాటికే మీకు అనుమానం వచ్చి ఉంటుంది. రానివ్వండి, నాకూ మీ మీద అనుమానమే. నన్ను చూసిన ప్రతి మనిషీ మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎక్కడిది? పుట్టిన ఊరు అడిగినట్టు ఉండదది. తాళం ఎలా తీశావని నిలదీసినట్టు ఉంటుంది.

సరే, పుట్టిన చోటే చెబుతాను. సుమారు నాలుగు వందల యాభై ఆరు కోట్ల ఏళ్ల కిందటి మాట. అప్పటికి మీ భూమి లేదు, చంద్రుడు లేడు. సూర్యుడు మాత్రం అప్పుడే కళ్లు తెరిచి, వాయువులూ ధూళీ కలిసిన పెద్ద పళ్లెం ఒకటి తన చుట్టూ తిప్పుకుంటున్నాడు. ఆయనకు బాగా దగ్గరగా, ఇనుము కూడా ఆవిరైపోయే వేడిలో, మొట్టమొదట గట్టిపడ్డవాటిలో నేనొకదాన్ని. నా ఒంట్లో ముఖ్యంగా ఉన్నవి మూడు: కాల్షియం, అల్యూమినియం, ఆక్సిజన్. మీ సున్నంలో ఉండేది ఒకటి, మీ వంటింటి గిన్నెల్లో ఉండేది ఒకటి, మీరు పీల్చేది ఒకటి. ఈ మూడింటినీ కాస్త గుర్తుంచుకోండి, నా మీద నేరం మోపింది వీటితోనే.

పుట్టినచోట నన్ను ఎన్నాళ్లో ఉండనివ్వలేదు. ఆ కుర్ర సూర్యుడే ఊదేశాడో, పళ్లెంలోని సుడులే మోసుకుపోయాయో తెలియదు గాని, చివరి అంచున, చీకట్లో, మంచులో వచ్చి పడ్డాను. నిప్పుల్లో పుట్టినదాన్ని మంచు దగ్గరికి రానిస్తుందా? అక్కడి మంచుపలుకులు నన్ను వాసన చూసి ముఖం తిప్పుకున్నాయి. ఈ మాడుమొహం మన మధ్యకు ఎలా వచ్చిందని గుసగుసలాడుకున్నాయి. ఇనుమూ గంధకమూ కలిసిన ఒక రేణువు మాత్రం నా పక్కటెముకకు అతుక్కుంది. స్నేహం కోసమనుకున్నాను. అది తరువాత నాకు ఎదురుసాక్ష్యం చెబుతుందని అప్పుడు తెలియదు.

మేమంతా కలిసి ముద్దకట్టి ఒక తోకచుక్క అయ్యాం. ఎన్ని కోట్ల ఏళ్లు నిద్రపోయామో లెక్కలేదు. ఏదో పెద్ద గ్రహం లాగడంతో మా తోకచుక్క మళ్లీ సూర్యుడి వైపు రాసాగింది. వెచ్చదనం తగలగానే మంచు ఆవిరై, నేను బయట పడ్డాను. ఆ దారిలో మీ మనుషులు పంపిన ఒక యంత్రం మాటేసి ఉంది. గడ్డకట్టిన పొగలా ఉండే తేలికపాటి జెల్లును చేయి చాచినట్టు చాచి నన్ను పట్టుకుంది. అతిథిని పిలిచే పద్ధతి అదేనా అని మీరే చెప్పండి. తరువాత గొడుగు కట్టుకుని ఒక ఎడారిలో దిగాం. మాలో కొన్ని నలుసులను గాజుపలకల మీద కూర్చోబెట్టి దేశదేశాలకు పంపారు. అలా నేను విశాఖపట్నంలో, సముద్రం కనిపించే కొండ మీది ఒక ప్రయోగశాలకు చేరాను.

అక్కడ నాకు ముగ్గురు మనుషులు తెలుసు. ఒకరు వకుళ, నన్ను పరీక్షించడానికి వచ్చిన శాస్త్రవేత్త. ముప్పై అయిదేళ్లుంటాయి. సొంతంగా చేపట్టిన మొదటి పని నేనే. రెండోవారు ఆ విభాగానికి పెద్ద, శేషాచలపతి గారు. ఆయన ఎవరినీ తిట్టరు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు, అంతే, ఎదుటివాళ్లకు చెమటలు పడతాయి. మూడోవారు నూకరాజు గారు, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ యంత్రాలను సాకుతున్న టెక్నీషియన్. ఇంకో నాలుగు నెలల్లో పదవీ విరమణ.

నన్ను ఉంచిన గదిలోకి దుమ్ము రాకూడదు. తలనుంచి కాళ్లదాకా తెల్ల తొడుగు వేసుకుంటే గాని ఎవరికీ లోపలికి దారి లేదు. పౌడరు రాసుకోకూడదు, బొట్టు తుడిచేసుకోవాలి. ఈ నియమాలొచ్చినప్పుడు నూకరాజు గారికి ఒక ఇబ్బంది వచ్చిందట. దసరాల్లో ఆయుధపూజ నాడు యంత్రానికి బొట్టు పెట్టకపోతే ఆయన ప్రాణం ఊరుకోదు. బాగా ఆలోచించి ఒక ఉపాయం పట్టారు. లోపలి యంత్రాలన్నింటికీ ఫొటోలు తీయించి, బయటి నడవా గోడకు వరసగా అంటించారు. పదకొండేళ్లుగా కుంకుమా, నిమ్మకాయా, హారతీ అన్నీ ఆ ఫొటోలకే. లోపల మైక్రోస్కోపు శుభ్రంగా ఉంటుంది, బయట దాని బొమ్మ ముఖాన ఎర్రగా బొట్టుంటుంది.

ఆ ఏడు మహర్నవమి నాడు కూడా పూజ అలాగే జరిగింది. నూకరాజు గారు పట్టిన పళ్లెంలోంచి వకుళ కుంకుమ తీసుకుని నుదుట పెట్టుకుంది. మధ్యాహ్నం లోపలికి వస్తూ నియమం ప్రకారం తుడుచుకుంది. నా మీదికి వంగి, మైక్రోస్కోపు గొట్టాల్లోంచి చూసింది. పెద్ద నల్లని కన్ను ఒకటి నాకు కనిపించింది. ఆ కంటికి కాస్త పైన, పైగొట్టం అంచును తాకుతూ ఒక ఎర్రని మసక. అది తుడిచినా పోని కుంకుమ అని నాకప్పుడు తెలియదు. తెలిసినా చెప్పడానికి నాకు నోరుందా?

వారం తరువాత నన్ను మరో యంత్రంలో పెట్టి ఒళ్లంతా తడిమారు. కాల్షియం, అల్యూమినియం కనిపించాయి. వకుళ కుర్చీలోంచి లేచి నిలబడింది. తోకచుక్కలంటే ఎక్కడో దూరాన చల్లటి చోట పోగైన మంచూ మట్టీ అని కదా అందరూ అనుకునేది. సూర్యుడి పక్కన తప్ప పుట్టలేని నలుసు ఆ మంచులో దొరికిందంటే, సౌరకుటుంబం పుట్టిన తొలిరోజుల్లో లోపలి సరుకు బయటి అంచుదాకా కొట్టుకుపోయిందన్నమాట. ఏ గ్రహానికి కావలసిన మట్టి ఆ గ్రహం దగ్గరే పోగవలేదు, అంతా కలగాపులగమైంది.

ఆమె ఆనందం రెండు రోజులు. మూడో రోజు శేషాచలపతి గారు గదంతా తనిఖీ చేయించారు. ఆయనకు ముందునుంచీ నా మీద అనుమానమే. ఇంత మంచి సాక్ష్యం ఇంత తేలిగ్గా దొరుకుతుందా అని. తనిఖీలో మైక్రోస్కోపు పైగొట్టం అంచున ఆవగింజలో పదో వంతు ఎర్ర మరక బయటపడింది. ఫొటో తీశారు, గీకి పరీక్షించారు. కుంకుమ.

నన్ను బల్ల మీద ఉంచుకునే ముగ్గురూ మాట్లాడుకున్నారు.

"కుంకుమ దేనితో చేస్తారమ్మా?" అని అడిగారు శేషాచలపతి గారు.

"పసుపు, సున్నం, పటిక..." అంటూ వకుళ మధ్యలోనే ఆగిపోయింది.

"సున్నంలో కాల్షియం. పటికలో అల్యూమినియం. పటికలో గంధకం కూడా ఉంటుంది. మరి ఈ నలుసును ఆనుకుని గంధకం ఉందని నువ్వే రాశావు." ఆయన కళ్లద్దాలు తీశారు. "ఇది కల్తీ. మనం ప్రపంచానికి ప్రకటించబోయింది దసరా కుంకుమ."

చూశారా నా పక్కటెముక స్నేహితుడి నిర్వాకం! నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు వందల కోట్ల ఏళ్లు అంటిపెట్టుకుని ఉండి, అవసరానికి ఇలా చేసింది.

అందరి చూపూ నూకరాజు గారి మీదికి మళ్లింది.

"నువ్వేనా?" అన్నారు శేషాచలపతి గారు.

"కాదండి. ఫొటోలకే బొట్టెట్టినానండి. మిసన్లకి ఎట్టనేదు. పదకొండేళ్ల బట్టీ ఎట్టనేదు."

"ఈ ల్యాబులో దసరాకి కుంకుమ పట్టుకు తిరిగేది నువ్వొక్కడివే కదయ్యా."

పెద్దాయన అంతటితో ఆగలేదు. లోపలికి రావద్దని, రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమని చెప్పారు. సంజాయిషీ సరిపోకపోతే ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు కాగితాల మీద, యంత్రం పాడుచేసినవాడన్న మాట చివరి వాక్యమవుతుంది. వకుళ నడవాలో నూకరాజు గారిని ఆపింది. తలుపు సందులోంచి ఆమె గొంతు నాకు వినిపించింది.

"నిజం చెప్పండి నూకరాజు గారూ. భక్తితో చేసుంటే చేశానని చెప్పేయండి. నా మూడేళ్ల కష్టం బూడిదలో పోసినట్టయింది."

"నా మాట నమ్మకండమ్మా," అన్నారాయన. "ఆ నలుసునే అడగండి. దానికి అబద్ధం ఆడ్డం రాదు గదా."

నన్ను అడగడమంటే ఏమిటో మీకు చెప్పాలి. ఆక్సిజన్‌లో తేలిక రకం ఒకటి, బరువైన రకాలు రెండు ఉంటాయి. మీ భూమి మీది సున్నమైనా, పటికైనా, సముద్రపు నీరైనా, వాటిలో ఈ మూడింటి పాళ్లు దాదాపు ఒక్కటే. సూర్యుడి పొత్తిళ్లలో పుట్టిన నాలాంటి వాటిలో మాత్రం తేలికది కాస్త ఎక్కువ. ఆ తేడా చాలు. కాని తూచాలంటే సన్నని కిరణంతో నన్ను చెక్కాలి. చెక్కిన భాగం ఇక తిరిగి రాదు. నన్ను అడిగే అవకాశం ఒక్కసారే. ఫలితం కల్తీ అని తేలితే నేనూ పోతాను, ఆ ముసలాయన పేరూ పోతుంది. వకుళ చాలాసేపు మీట మీద వేలుంచి అలాగే కూర్చుంది. నన్ను నమ్మి కాదు, నన్ను నమ్మకే నొక్కింది.

సగం ఒళ్లు పోయింది. నొప్పి గురించి చెప్పను, మీరు నమ్మరు. తెర మీద అంకెలు వచ్చాక వకుళ రెండుసార్లు లెక్క వేసింది, మూడోసారి శేషాచలపతి గారే వేశారు. తేలిక ఆక్సిజన్ నూటికి నాలుగైదు పాళ్లు ఎక్కువ. భూమి మీద పుట్టింది ఏదీ కాదు. పెద్దాయన కళ్లద్దాలు తుడవకుండానే పెట్టుకుని, "సూర్యుడి పక్కదే!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. మిఠాయిలు తెప్పించారు.

నూకరాజు గారికి మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు. వకుళే గుర్తుచేసింది.

"అది వేరే సంగతి," అన్నారు శేషాచలపతి గారు. "నలుసు కుంకుమ కాకపోవచ్చు. గదిలోకి కుంకుమైతే వచ్చింది కదా. సంజాయిషీ ఇవ్వాల్సిందే."

ఆమె తలూపింది. ఆమెకూ అదే సబబనిపించింది. నాకు ఒళ్లంతా, అంటే మిగిలిన సగం ఒళ్లంతా, కోపంతో వణికింది. ఆ మరక ఎవరిదో చూసింది నేనొక్కదాన్నే.

మర్నాడు ఉదయం నా మిగిలిన ముక్కను చూసుకోవడానికి ఆమె వచ్చింది. తెల్ల తొడుగు సర్దుకుని, వంగింది. పెద్ద నల్లని కన్ను. కంటికి పైన నుదురు గొట్టం అంచుకు తగిలింది. ఆ కన్ను ఒక్కసారిగా కదలకుండా నిలిచిపోయింది. ఆమె లేచింది. మరక తీసిన ఫొటో తెచ్చి పక్కన పెట్టుకుని, మళ్లీ వంగింది, మళ్లీ లేచింది. ఫొటోలో మరక ఎక్కడుందో నుదురు సరిగ్గా అక్కడే తగులుతోంది. నూకరాజు గారు ఈ గొట్టాల్లోకి ఏనాడూ చూడరు. ఆయన పని వెనక తీగలతో.

ఇక్కడ మీకు నా మనసులో మాట చెప్పేస్తాను. ఆమె నోరు మూసుకుంటుందనే అనుకున్నాను. మరక ఎప్పుడో తుడిచేశారు. చూసినవాళ్లు లేరు, నేను తప్ప. ఆమె పేరు మీద మొదటి పరిశోధన వెలువడబోతోంది, ఆయన ఎలాగూ వెళ్లిపోయే మనిషి. మనుషుల సంగతి నాకు తెలియదా?

ఆమె తొడుగు కూడా విప్పకుండా తలుపు తెరుచుకుని నడవాలోకి వెళ్లింది. పెద్దాయన్నీ, నూకరాజు గారినీ అక్కడికే పిలిచింది.

"సార్, ఆ బొట్టు నాది. సరిగ్గా తుడుచుకోలేదు. ఆ రోజు మధ్యాహ్నం నేనే వంగి చూశాను. సంజాయిషీ రాయాల్సింది నేను." తరువాత నూకరాజు గారి వైపు తిరిగింది. "నన్ను క్షమించండి నూకరాజు గారూ. అడగరాని మాట అడిగాను."

"ఫొటోలో మరక ఎత్తు సూసినప్పుడే నాకు తెల్సిందమ్మా, అది సూసేవోళ్ల నుదురు తగిలే సోటని," అన్నారాయన.

"తెలిసి చెప్పలేదా!"

"'నువ్వేనా' అని అడిగినారు, కాదన్నాను. 'మరెవురు' అని నన్నెవురూ అడగనేదు గదండి."

 శేషాచలపతి గారు కళ్లద్దాలు తీసినట్టున్నారు. ఈసారి చెమటలు ఎవరికి పట్టాయో నాకు కనిపించలేదు. మర్నాటినుంచి నూకరాజు గారు మళ్లీ లోపలికి రాసాగారు.

ఇప్పుడు నేను గాజుపెట్టెలో ఉన్నాను, సగం ఒంటితో. నా చీటీ మీద 'కల్తీ?' అని రాసిన మాటను ఎర్ర గీతతో కొట్టేశారు, ప్రశ్నార్థకం మాత్రం కొంచెం కనిపిస్తూనే ఉంది. ఉండనివ్వండి. అనుమానం లేకపోతే నన్ను ఎవరూ అడిగేవారే కాదు.

నూకరాజు గారు పదవీ విరమణ చేసిన రోజున, గోడ మీది యంత్రాల ఫొటోల పక్కన ఇంకొక ఫొటో అంటించారట. చెక్కక ముందు తీసిన నా ఫొటో. అది దసరా కాదు, పండగా కాదు. అయినా పళ్లెం పట్టుకొచ్చి, దాని నడిమధ్యన బొట్టు పెట్టారని, వకుళ ఆ మధ్యాహ్నం నా మీదికి వంగి చెప్పింది. కుంకుమను కానని నిరూపించుకోవడానికి సగం ఒళ్లు పోగొట్టుకున్నదాన్ని, చివరికి కుంకుమే పెట్టించుకున్నాను. ఆ కుంకుమ ఎక్కడిదని నేను అడగలేదు.