ఒక కంటైనర్ రొయ్యలు

చీటీ విప్పి చూసుకుంది కెజియా. ‘కొనేవారు’ అని ఉంది.

ఏలూరులో బీబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్ ఆఖరి ఏడాది వాళ్ళకి ఆ రోజు బేరసారాల ప్రాక్టికల్. ఇద్దరిద్దరు వంతులవారీగా ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు ఇక్కడి ఎగుమతిదారు, ఇంకొకరు విదేశీ కొనుగోలుదారు. సరుకు, ఒక కంటైనర్ గడ్డకట్టించిన రొయ్యలు. తమ వంతు ముగిసే బెల్లు కొట్టేలోగా రేటు కుదుర్చుకుని సంతకాలు పెట్టాలి. లేకపోతే ఇద్దరికీ సున్నా. ఎగుమతి కంపెనీ మేనేజరు హేమంత్‌కుమార్ విశాఖపట్నం నుంచి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. క్లాసు మొత్తంలో ఒక్కరిని ఇంటర్న్‌షిప్‌కి తీసుకుంటాడు.

ఆ ఒక్కరూ తనే కావాలి కెజియాకి. వాళ్ళ నాన్న ఎజ్రాకి ముదినేపల్లి దగ్గర రొయ్యల చెరువు ఉంది. తమ గట్టు దాటాక సరుకు ఏ దేశం వెళ్తుందో, అక్కడ ఎంతకి అమ్ముడవుతుందో తెలుసుకోవాలనే ఆ అమ్మాయి ఈ చదువులో చేరింది.

ఎదుటి కుర్చీలో తాహిర్. పవర్‌పేటలో టైలరు గారబ్బాయి. రొయ్యని కూరలో తప్ప ఎరగడు. కానీ రాత్రంతా కూర్చుని రంగురంగుల చార్టులు గీసుకొచ్చాడు.

“నమస్కారం కెజియా గారూ. మా రేటు కిలో ఎనిమిది డాలర్లండి.”

“ఒరేయ్, ఆవిడ దొరసానిరా! ఇంకాస్త వంగు!” అన్నాడు పక్క బెంచీలోంచి క్లాస్‌మేట్ నాని. అందరూ నవ్వారు.

“సైలెన్స్!” అన్నారు ప్రాక్టికల్ పెట్టిన మునీరా మేడం.

కెజియా నవ్వలేదు, రేటు మాటా ఎత్తలేదు. “సరుకు సంగతి చెప్పండి, చూద్దాం” అంది.

ఆ మాట పుస్తకంలోది కాదు, నాన్న చెరువు దగ్గరికొచ్చే ఏజెంటుది. వల లాగేదాకా అతను రేటు తేల్చడు. “కానివ్వండి ఎజ్రా గారూ, చూద్దాం” అంటాడు. రొయ్యలు గట్టెక్కి, ఎండ చురుక్కుమనిపించేటప్పుడు మొదలుపెడతాడు, సైజు తగ్గిందని, పెంకు మెత్తబడిందని. నీళ్ళలోంచి తీసిన రొయ్యని మళ్ళీ నీళ్ళలో వెయ్యలేరు. నాన్న తలూపేస్తాడు. గట్టు మీద ఐసు ట్రేల పక్కన నిలబడి కెజియా చిన్నప్పటి నుంచి అదే చూసింది.

తాహిర్ చార్టులు తిప్పుతున్నాడు. కెజియా ప్యాకింగు గురించి అడిగింది. ల్యాబ్ రిపోర్టు అడిగింది. అదే మళ్ళీ అడిగింది. అతను జవాబు చెప్తున్నంతసేపూ కళ్ళలోకే చూసింది. గోడ గడియారంలో ముల్లు కదులుతుంటే తాహిర్ చార్టులు వెనక్కీ ముందుకీ తిప్పాడు. చెమట పట్టిన అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. నాన్న తువ్వాలుకి తుడుచుకునేదీ అలాగే. కెజియా కళ్ళు దించేసుకుంది. ఇక్కడ మెత్తబడితే ఇంటర్న్‌షిప్ పోతుంది.

“ఆరు డాలర్లు” అంది.

“ఆరా! ఏవండీ, ఆరుకిస్తే మాకు కరెంటు ఖర్చులైనా రావండీ!”

“అయితే మీ ఇష్టమండి.”

“ఏడున్నర...”

“ఆరు.”

బెల్లుకి కాస్తే టైముంది. కెజియా కలం మూత తీసి, ఒప్పందం కాగితం అతని ముందుకి తోసింది. ఏజెంటు కూడా సరిగ్గా అప్పుడే, వెళ్ళిపోతున్నట్టు లారీ డ్రైవర్ని కేకేస్తాడు.

తాహిర్ కాగితం వంక చూశాడు. కలం అందుకోలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు.

“వద్దులెండి కెజియా గారూ. సరుకు గడ్డకట్టి ఉంది. కోల్డ్ స్టోరేజీలో నెలలు ఆగుతుంది. నాకు తొందరేం లేదండి. అరలు ఖాళీగా ఉన్నది మీ షాపుల్లోనే.”

ఇంతసేపూ కెజియా మనసులో రొయ్యలు ఎండలో గట్టు మీదే ఉన్నాయి. అమ్మేవాడు లేచి నిలబడడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

తాహిర్ గుమ్మం వైపు ఒక అడుగేశాడు. బయట వరండాలో అటెండరు బెల్లు దగ్గరికి నడుస్తున్నాడు.

“కూర్చో తాహిర్!” గారూ గీరూ మర్చిపోయింది. “ఎనిమిదే. రాసెయ్.”

అతను గబగబా రాసి కాగితం ఇటు తిప్పాడు. ఏడున్నర అని ఉంది. అడిగే వ్యవధి లేదు. ఆమె సంతకం పెడుతుండగా బెల్లు మోగింది.

“నీ రేటుకే ఒప్పుకుంది కదా, మళ్ళీ తగ్గించావేం?” హేమంత్‌కుమార్ అడిగాడు.

“పై ఏడాది కూడా ఈవిడకే అమ్మాలి కదండీ సార్. ఇప్పుడే పీక నొక్కేస్తే మళ్ళీ మన గుమ్మం తొక్కుతారా?”

మిగతా జంటల వంతులయ్యాక హేమంత్‌కుమార్ తాహిర్ పేరు చదివాడు.

కెజియా చప్పట్లు కొట్టింది. కళ్ళు నిండిపోయాయి. మునీరా మేడం అది చూశారు, చూడనట్టే ముందుకెళ్ళి, శుభ్రంగా ఉన్న బోర్డుని తుడవడం మొదలుపెట్టారు. “అందరూ ఇటు చూడండర్రా” అంటూ పరీక్ష ఫీజు గురించి నిన్న చెప్పిందే మళ్ళీ చెప్పారు. కళ్ళు తుడుచుకోడానికి కెజియాకి అది చాలింది.

వరండాలో తాహిర్ వెనకాలే వచ్చాడు.

“కోపమా?”

“కోపమే.”

“టీ తాగుదామా?”

“నువ్విప్పిస్తే తాగుతా. ఉద్యోగస్తుడివి.” నాలుగడుగులు వేశాక కెజియా ఆగింది. “ఆ కోల్డ్ స్టోరేజీ మాట ముందే అనుకుని వచ్చావా?”

తాహిర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఎవరికీ చెప్పకు. నువ్వలా చూస్తుంటే భయమేసి, బయటికి పోదామని లేచాను. లేచాక ఏదో ఒకటి అనాలి కదా!”