గోంగూర స్తంభాల కొట్టు

నేను ఒక ఇనుప స్తంభాన్ని. నిలబడడమే నా వ్యాపారం. కాకినాడలో ఒక పాత బట్టల వీధిలో, ఒక కొట్టు అరుగు మీద నిలబడి ఉన్నాను. నా తల మీద టేకు దూలం, దూలం మీద మేడగది గోడ, ఆ గోడ వెనక గది, గదిలో మనిషి. నేను మోసే సరుకు ఇంతే. ఈ సరుకు దించెయ్యమని ఎవరూ అడగరని చాలా కాలం నిబ్బరంగా ఉన్నాను. ఇప్పుడు ఆ నిబ్బరం లేదు. ఎలా పోయిందో చెబుతాను, మీరూ లెక్క చూసుకోండి.

మేం నలుగురం. ఒకే అచ్చులో పోసిన ఇనుము. ఓడెక్కి వచ్చి రేవులో దిగి, ఎడ్ల బండి మీద ఈ వీధికి చేరాం. మా తలల చుట్టూ ఏదో దూరదేశపు ఆకులు చెక్కినట్టుగా పోశారు. మమ్మల్ని తెప్పించుకున్న వరహాలశెట్టిగారు బండి దగ్గరే నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయారు.

"ఇదేంటయ్యా, గోంగూర కట్టలు నెత్తిన పెట్టుకొచ్చాయి?" అన్నారు.

ఆ మాట వీధంతా పాకింది. కొట్టుకి ఆయన పెట్టిన లక్ష్మీ పేరు బోర్డు మీదే ఉండిపోయింది. జనం నోట్లో అది గోంగూర స్తంభాల కొట్టు అయింది. పెళ్లి బట్టలకి పిఠాపురం నుంచి వచ్చినవాళ్లు కూడా గోంగూర ఎక్కడని అడిగి మరీ వచ్చేవాళ్లు. శెట్టిగారు మొదట్లో చిన్నబుచ్చుకున్నారు. గిరాకీ చూశాక చిన్నబుచ్చుకోవడం మానేశారు.

అప్పట్లో ఈ వీధి కట్టినవాళ్లకి వ్యాపారం తెలుసు. ప్రతి కొట్టుకీ అరుగు, అరుగు మీద స్తంభాలు, స్తంభాల మీద మేడగది. పక్క పక్క అరుగులు కలిసిపోయి, వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఎండ తగలకుండా, వాన పడకుండా నడవచ్చు. నీడ కోసం అరుగెక్కినవాడు ఊరికే నిలబడడు, చీర చూస్తాడు. చూసినవాడు ధర అడుగుతాడు. ఊరికే ఇచ్చినట్టు కనిపించే ఆ నీడే వీధి మొత్తం కలిసి పెట్టిన పెట్టుబడి. దాని మీద మూడు తరాలు తిన్నారు.

శెట్టిగారి కొడుకు పాండురంగంగారి హయాంలో నాకొక మర్యాద దక్కింది. పొద్దున్నే మొదటి బేరం అయిన డబ్బులు గల్లాలో వెయ్యకముందు, అందులోంచి ఒక నాణెం తీసి నన్ను కొట్టేవారు. నేను ఠంగుమనేదాన్ని. అది విని కళ్లకద్దుకుని లోపలికి వెళ్లేవారు. ఎడమ నుంచి రెండోదాన్నైన నన్నే ఎందుకంటే, ఆయన కూర్చునే చోటికి చేతికందే దూరంలో ఉన్నాను కాబట్టి. మనుషుల భక్తికి ఇలాంటి కారణాలు చాలా ఉంటాయి.

తర్వాత వీధికి జబ్బు చేసింది. ఒకేసారి పడిపోయే జబ్బయితే ఎవరైనా వైద్యం చేసేవాళ్లు. ఇది మెల్లగా వచ్చింది. ఒకరు అరుగుకి గోడ అడ్డం కట్టి సామాన్లు పెట్టుకున్నారు. ఒకరు మెట్లు తెచ్చి కాలవ మీద వేశారు. నడిచే జనం ఎండలోకి దిగారు. కరెంటు వైర్లు, కేబుల్ వైర్లు నా మెడకి చుట్టారు. రంగు మీద రంగు, కాయితం మీద కాయితం అంటించారు. మేడ గోడల్లో రావి మొక్కలు మొలిచాయి. అందరూ తల దించుకుని చెప్పులు చూసుకుంటూ పోయేవాళ్లే తప్ప పైకి చూసినవాడు లేడు.

ఆ తర్వాత పెట్టెలొచ్చాయి. వీధంతా ఒక కంపెనీలా మెరవాలని వర్తకులు మాట్లాడుకుని, అన్ని కొట్ల ముందూ ఒకే మనిషి చేత తళతళలాడే రేకులు కొట్టించారు. మేడగది కిటికీలు కాస్త వదిలి మిగతాదంతా రేకే, స్తంభాల చుట్టూ రేకు పెట్టెలే. పక్కన లోవరాజు కొట్టుకి స్తంభాలు లేవు. పాతది పడగొట్టి కాంక్రీటు వేసుకున్నాడు, దాని మేడ దానంతటదే ముందుకొచ్చి నిలబడుతుంది. అయినా వరస కుదరాలని అతని అరుగు మీద కూడా ఉత్త పెట్టెలు నిలబెట్టారు. మా నలుగురినీ నాలుగు పెట్టెల్లో మూసేశారు. బయటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. అందులో ఏది ఖాళీయో, ఏది మోస్తోందో రేకు కొట్టినవాడికే తెలుసు.

పాండురంగంగారు నా పెట్టెకి మాత్రం చెయ్యి పట్టేంత కన్నం పెట్టించుకున్నారు, బోణీ కోసం. ఆయన పోయాక ఆ కన్నం మీద అమ్మవారి పటం వేలాడింది. కొడుకు ఫణీంద్ర గల్లా ఎక్కాడు, ఆ పటం వెనక ఏముందో ఎప్పుడూ చూడలేదు. అతని బోణీ ఫోన్లో పడుతుంది. డబ్బు పడిందని ఫోనే అరుస్తుంది. నాతో పనేముంది?

పని ఉన్న మనిషి ఒక్కతే. మేడగదిలో జాకెట్లు కుట్టే మంగతాయారు. పొద్దున్నే మొదటి జాకెట్టు డబ్బులు రాగానే కిందికి దిగి, పటం పక్కకి జరిపి, కన్నంలోంచి నాణెంతో ఒక దెబ్బ. "విన్నావా?" అనేది. పటం వెనక్కి జరిపితే మళ్లీ చీకటి. ఆ ఒక్క దెబ్బతో నేనింకా ఉన్నానని నాకు తెలిసేది.

చీకట్లో ఉన్నవాళ్లకి చెవులు పెరుగుతాయి. ఒకనాడు అరుగు మీద లోవరాజు గొంతు వినిపించింది.

"పెట్టెలు పీకేశాన్రా ఫణీ. ఇప్పుడు కారొచ్చి కొట్లోకి మూతెట్టేత్తంది. నువ్వూ అరుగు కొట్టించేసెయ్. ఆ చివర నుంచి ఈ చివరికి గాజు పెట్టు. ఎవడైనా ఎండలో నడిచొచ్చి చీర కొంటాడా ఈ రోజుల్లో?"

"పైగది పడదు కదా బావా?"

"నాది పడిందా? అయ్యి డెకరేషన్ రా. మీ నాన్న, నేను ఒకే రోజు కొట్టించాం."

ఫణీంద్ర పెట్టె మీద వేలితో కొట్టి చూశాడు. రేకు డొల్లగా మోగింది. రేకుకీ నాకూ మధ్య జానెడు ఖాళీ ఉంది మరి. "డొల్లే," అన్నాడు తృప్తిగా.

లోపల నేను వణికాను. ఇనుము వణకదంటారు. మోసేవాళ్లకి తెలుస్తుంది.

అనుకున్న రోజు పొద్దున్నే పడగొట్టే పని చేసే నూకరాజు చక్రం ఉన్న కోత మిషను పట్టుకుని వచ్చాడు. రేకులు ఊడాయి. ఎన్నో ఏళ్ల తర్వాత నా మీద వెలుతురు పడింది. ఆనందించే తీరిక లేకపోయింది.

"బాబూ, లోపల ఇనుముందండి," అన్నాడు నూకరాజు. "పోత ఇనుము."

ఇక్కడ ఆగుతాడనుకున్నాను. ఎందుకుందని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. కానీ ఫణీంద్ర మొహం వెలిగింది. నేనూ వర్తకుడి గుమ్మంలో పెరిగినదాన్నే, ఆ వెలుగు నాకు తెలుసు.

"నీకు లాటరీ తగిలింది రోయ్!" అన్నాడు లోవరాజు. "నా పెట్టెల్లో బొద్దింకలు దొరికాయి. నీకు ఇనుం దొరికింది. పాత సామాన్ల సాయిబుకి కబురెట్టు."

అప్పుడే మంగతాయారు చేతిలో నాణెంతో దిగింది. నన్ను నిలువెత్తునా చూసి, తల మీద ఆకుల దాకా చూసి, నవ్వింది.

"అమ్మో, ఇంత పొడుగా నువ్వు! పాండురంగంగారి బోణీ స్తంభమండి ఇది. తీసేత్తారా ఫణిబాబూ?"

"డెకరేషనక్కా. ఎప్పటిదో."

"మరి నా బోణీ?"

"గాజు తలుపు పెడతాగా, దాన్ని కొట్టుకో."

"పగిలితే నా బోణీ నీకే జమ," అని నన్ను ఒక దెబ్బ కొట్టింది. నేను మోగాను. అరవగలిగితే అప్పుడే అరిచేదాన్ని. మాకున్న మాట ఆ ఒక్కటే, అది శుభమని వాళ్లు అనుకుంటారు.

"దుమ్మొస్తుంది, తలుపూ కిటికీలూ బిగించుకో అక్కా," అన్నాడు ఫణీంద్ర. పెళ్లివారి జాకెట్లు మధ్యాహ్నానికి ఇవ్వాలట. ఆమె పైకెళ్లి తలుపు గట్టిగా మూసుకుంది. కుట్టు మిషను చప్పుడు దూలంలోంచి నా తల మీదికి దిగింది.

నూకరాజు నా ఎడమ పక్క మూలనున్న స్తంభంతో, మా అన్నతో, మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు నా మీద పడుతున్నాయి. ఒకే అచ్చులోంచి వచ్చినవాళ్లం, ఒకే దూలం కింద ఇన్నేళ్లూ నిలబడ్డవాళ్లం. తెగింది. ఇద్దరు మనుషులు దాన్ని పక్కకి లాగారు. ఒక్క క్షణం ఏమీ కాలేదు.

"చూశావా?" అన్నాడు లోవరాజు.

అప్పుడు దూలం కూర్చుంది. వెంట్రుకవాసే. అన్న మోసిన బరువు నా మెడ మీదికి వచ్చి పడింది. ఇన్నేళ్లలో ఎన్నడూ మోయనిది. నా లోపల ఎక్కడో, పోత పోసిన నాటి చిన్న పగులు ఒకటి కళ్లు తెరిచింది. నూకరాజు మిషను నా వైపు తిప్పాడు. చక్రం నా నడుముకి ఆనింది.

పైన కుట్టు మిషను ఆగింది. దారపు రీళ్లు బల్ల మీద నుంచి వీధి వైపుకి దొర్లి, ఒకటొకటే నేల మీద పడ్డాయి. ఆ చప్పుడు నాకు వినిపించింది. కింద వాళ్లకి కోత మిషను రొద తప్ప ఏమీ వినపడలేదు.

తర్వాత తలుపు బాదుతున్న చప్పుడు. తర్వాత కిటికీ రెక్క ఒకటి విరిగేలా తెరుచుకుంది.

"ఫణిబాబూ! తలుపు రావట్లేదు!"

నూకరాజు మిషను ఆపాడు.

"వానలకి చెక్క ఉబ్బుంటదక్కా, గట్టిగా లాగు!" అన్నాడు ఫణీంద్ర.

"ఉబ్బడానికి ఇప్పుడేగా వచ్చి వేసుకున్నాను! గడియ తీశాను, రెక్క బిగుసుకుపోయింది. చట్రం ఒంగింది బాబూ! రీళ్లన్నీ నీ వైపుకే దొర్లిపోతున్నాయి!"

ఫణీంద్ర నవ్వబోయి ఆగాడు. అప్పుడు, ఇన్నేళ్లలో మొదటిసారి, తల పైకెత్తాడు. దూలాన్ని చూశాడు. దూలానికీ, అన్న నిలబడ్డ చోటికీ మధ్య ఉన్న ఖాళీని చూశాడు. గోడ కొత్తగా విడిచిన సన్నని గీతని చూశాడు. పక్కనే లోవరాజు కాంక్రీటు మేడని చూశాడు. రెండు మేడలూ ఒకటి కావని అతని మొహంలో తెలుస్తుంటే నేను చూశాను.

"మిషను తియ్," అన్నాడు. నా నడుముని రెండు చేతులతో పట్టుకున్నాడు, తను వదిలేస్తే నేను పడిపోతానన్నట్టు. "తియ్‌రా బాబూ, దూరంగా తియ్! అక్కా, కదలకు. కిటికీ దగ్గరే ఉండు. కుట్టు మిషన్ల దగ్గరికి పోకు!"

లోవరాజు పరిగెత్తాడు. ఫ్లెక్సీలు కట్టే కుర్రాళ్ల నిచ్చెన ఎత్తుకొచ్చి రోడ్డు మీద నుంచి కిటికీకి వేసింది అతనే. కింద గట్టిగా పట్టుకున్నది కూడా అతనే. మంగతాయారు చీర కుచ్చెళ్లు దోపుకుని, పెళ్లివారి జాకెట్ల మూట చంకన పెట్టుకుని దిగింది. మూట వదిలెయ్యమని అందరూ అరిచారు. వదల్లేదు. ఆమె ఒక్కొక్క మెట్టూ దిగుతున్నంతసేపూ నేను పగులుని బిగపట్టుకుని ఉన్నాను. నేల మీద కాలు పెట్టాక రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

"నీ గాజు తలుపు పాడుగాను," అంది. ఫణీంద్ర ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏడుస్తున్నాడు.

సాయంత్రానికి దూలం కింద ఇనప పైపులు నిలబెట్టారు. తర్వాత నా నడుముకి పట్టీ బిగించారు. అన్న అరుగు మీదే పడుకుని ఉంది. సాయిబు వచ్చి చూస్తే అమ్మనని ఫణీంద్ర తిప్పి పంపేశాడు. మంగతాయారు రెండు వీధుల అవతల కింది గదిలో మిషన్లు పెట్టుకుంది. మేడ ఇక ఎక్కనంది. ఇప్పుడు నేను మోసేది ఖాళీ గది.

ఖాతా మూసి చూసుకుంటే, పోయింది అన్న. మిగిలింది భయం. బరువుంటే పగులు భయం. బరువు లేకపోతే నాతో పనేమిటని భయం. లారీ వెళ్లినప్పుడల్లా పట్టీ బిగుసుకుంటుంది.

ఫణీంద్ర మాత్రం రోజూ షట్టరు ఎత్తేముందు ఆగి, తలెత్తి దూలం చూస్తాడు. జేబులో నాణెం ఉండదు. కొట్టు తాళంచెవితో నన్ను కొట్టి, చెవి పెట్టి వింటాడు. అది భక్తి కాదు, ఉత్త భయం. అయినా ఈ వీధిలో ఒక్కడైనా తలెత్తి చూస్తున్నాడంటే, ఆ భయాన్ని నేను రాబడి కింద రాసుకున్నాను.

ఈ పొద్దున కూడా తాళంచెవి తీశాడు. కొట్టబోయి ఆగిపోయాడు. వీధి ఆ చివర, ఇంకా పెట్టెలు విప్పని కొట్ల వైపు నుంచి, కోత మిషను మొదలైన చప్పుడు.

షట్టరు సగంలో వదిలేసి ఫణీంద్ర పరిగెత్తాడు. చెప్పులు జారిపోయినా ఆగలేదు. పరిగెత్తుతూనే అరుస్తున్నాడు: "ఆపండి! పైన ఎవరున్నారు? ముందు పైన ఎవరున్నారో చూడండి!"

మిషను ఇంకా ఆగలేదు. నేను వింటున్నాను.